మొదటి కీమో రోజు ఓర్చుకోకండి, చెప్పండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒక్కదాని గురించే, ట్రీట్‌మెంట్ మొదలయ్యే రోజు గురించి. కొన్ని పేషెంట్లు రాసినవి, ఎక్కువ మాత్రం పక్కన కూర్చోబోయేవాళ్ళు రాసినవి. ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాదు, కీమో డే కేర్ వార్డులో చాలా ఏళ్ళు నర్సుగా చేసినదాన్ని. ఏ మందు వాడాలి, డోసు ఎంత అన్నది మీ డాక్టర్‌తోనే తేల్చుకోండి. సూది పట్టుకుని కుర్చీ పక్కన నిలబడిన మనిషిగా నాకు తెలిసింది మాత్రం దాచకుండా చెబుతాను.

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్ళు. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయ్యింది, వచ్చే మంగళవారం మొదటి కీమో. ఎర్ర మందు ఎక్కిస్తామన్నారు. దాని గురించి చదివి చదివి నాకు నిద్ర పట్టడం లేదు. అమ్మేమో "నాకేం భయం లేదు" అంటూ నాలుగు రోజులుగా అల్మారా సర్దుతోంది. ఆ రోజు అసలు ఏం జరుగుతుంది? నేనేం చేయాలి?
- ఒక కూతురు

జవాబు: సర్దుకోనివ్వండమ్మా. భయం లేదన్నవాళ్ళందరూ ఏదో ఒకటి సర్దుతూనే ఉంటారు. ఆవిడ చేతులకు పని కావాలి, అంతే. మీరు మాత్రం చదవడం ఆపేసి ఒక చిన్న నోట్‌బుక్ కొనుక్కోండి, దాని సంగతి తర్వాత చెబుతా.

మొదటి రోజులో సగానికి పైగా ఎదురుచూపే. ఉదయం వెళ్తే సాయంత్రం అవుతుంది, అందులో మందు ఎక్కేది రెండు మూడు గంటలు ఉంటుందేమో. మిగతా టైమంతా ఏమవుతుందంటే, ముందు రక్తపరీక్ష రిపోర్టులు చూస్తారు. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్, కిడ్నీ, లివర్, ఇవన్నీ సరిగ్గా ఉంటేనే ఆ రోజు కీమో, లేకపోతే కొన్ని రోజులు వాయిదా. వాయిదా పడితే అదేదో అపశకునం అనుకోవద్దు, వాళ్ళు జాగ్రత్తగా ఉన్నారని అర్థం. తర్వాత ఎత్తు, బరువు మళ్ళీ చూస్తారు. "పోయిన వారమే చూశారుగా" అని విసుక్కునేవాళ్ళు చాలామంది. కీమో డోసు తలనొప్పి మాత్రలాగా అందరికీ ఒకటి కాదు కదా, చాలా మందులకి ఎత్తూ బరువూ కలిపి ఒంటి వైశాల్యం ఎన్ని చదరపు మీటర్లో లెక్కగట్టి దాన్ని బట్టి కొలుస్తారు. పెద్దవాళ్ళలో చాలామందికి ఆ లెక్క 1.5కీ 2కీ మధ్య వస్తుంది. అది తేలాక, డాక్టర్ సంతకం అయ్యాక, అప్పుడు మాత్రమే ఫార్మసీలో మీ అమ్మ పేరు మీద మందు కలపడం మొదలవుతుంది. లేటు అక్కడే. మనల్ని మర్చిపోయారేమోనని కౌంటర్ చుట్టూ తిరిగేవాళ్ళని రోజూ చూసేదాన్ని, పాపం.

ఎర్ర మందు అంటే డాక్సోరూబిసిన్ అయ్యుంటుంది, లేదంటే దాని చెల్లెలు ఎపిరూబిసిన్. ఇది కొందరిలో గుండె కండరాన్ని బలహీనం చేస్తుంది, అందుకే మొదలుపెట్టే ముందు ఎకో తీసి గుండె ఎలా కొట్టుకుంటోందో చూస్తారు. ఆ ఎకో అయ్యిందో లేదో మీరే ఒకసారి గుర్తు చేయండి, తప్పేం లేదు. ఒక మనిషికి జీవితం మొత్తంలో ఈ మందు ఇంతకు మించకూడదని ఒక హద్దు ఉంటుంది, కాబట్టి ఎంత ఎక్కిందో రాసిన కాగితాలు ఎప్పటికీ పారేయకండి. పదేళ్ళ తర్వాత కూడా ఎవరో ఒక డాక్టర్ అడుగుతారు.

సూది ఏ చేతికి అన్నది సిస్టర్ అడక్కపోతే మీరే చెప్పండి. ఆపరేషన్ చేసినప్పుడు చంకలోని లింఫ్ గ్రంథులు కూడా తీసి ఉంటే ఆ వైపు చెయ్యి వాచే అవకాశం ఉంటుంది, మామూలుగా రెండో చేతికే వేస్తారు. పోర్ట్, అంటే మందు ఎక్కించడానికి అమర్చే చిన్న డబ్బీ, పెట్టి ఉంటే ఈ గొడవే లేదు, అది కాలర్ ఎముక కింద చర్మం లోపల ఉంటుంది, దాంట్లోకి సూది దించుతారు, ముందు బొత్తాలు ఉన్న చొక్కాలాంటిది వేసుకొస్తే సులువు.

అసలు మందుకి ముందు వాంతులు రాకుండా కొన్ని మందులు ఇస్తారు, వాటిలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఉంటుంది. దీని గురించి ఎవరూ చెప్పని ఒక ముక్క చెబుతాను. అది నరంలోకి గబుక్కున ఎక్కితే కొంతమందికి కింది భాగంలో, కూర్చునే చోట, చీమలు పాకినట్టు చురచురమంటుంది. అర నిమిషం ఉంటుందేమో. పెద్దావిడలు ఉలిక్కిపడి, ఎవరికి చెప్పుకోవాలో తెలియక, చీర సర్దుకుంటూ బిక్కమొహం వేసేవాళ్ళు. ప్రమాదం ఏమీ కాదు, మెల్లగా ఎక్కించమంటే చాలు, కానీ ముందే తెలిస్తే మనిషి కంగారు పడదు.

ఆ తర్వాత ఇద్దరు నర్సులు వస్తారు. గౌను, చేతికి రెండేసి గ్లవ్స్, ఒక్కోచోట కళ్ళద్దాలు కూడా. వాళ్ళు పేరు, పుట్టిన తేదీ అడిగి, మందు సంచి మీద రాసింది పైకి చదువుతారు. ఆ వేషం చూసి "వాళ్ళే ముట్టుకోవడానికి భయపడుతుంటే నా ఒంట్లోకి ఎక్కిస్తారా" అని ఒకాయన నన్ను మొహం మీదే అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. మీ అమ్మకు అవసరం ఉంది కాబట్టి కొలిచి ఇస్తున్నారు, నర్సుకి అవసరం లేదు, పైగా రోజుకి పదిమంది మందులు, ఏళ్ళ తరబడి, ఆమె చేతుల మీదుగా వెళ్తాయి. అందుకే ఆ గ్లవ్స్.

ఎర్ర మందుని చాలాచోట్ల సీసాలో వేలాడదీయరు. పెద్ద సిరంజిలో తెచ్చి, పక్కన సెలైన్ ధారగా పోతూ ఉండగా, నర్సు కుర్చీ లాక్కుని కూర్చుని చేత్తో మెల్లమెల్లగా నెడుతుంది, మధ్యమధ్యలో ఆగి రక్తం వెనక్కి వస్తోందా లేదా చూస్తుంది. ఎందుకంత శ్రద్ధ అంటే ఈ మందు నరం దాటి పక్క కండలోకి కారితే అక్కడి చర్మాన్ని తినేస్తుంది. ఇలా జరగడం అరుదే, కానీ జరిగినప్పుడు మొదట తెలిసేది నర్సుకి కాదు, పేషెంట్‌కే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగింది చెబుతా. ఒక పెద్దాయనకి ఇదే మందు ఇస్తున్నాను. రెండుసార్లు "బాగానే ఉందా తాతయ్యా" అని అడిగాను, రెండుసార్లూ తలూపాడు. మూడోసారి చూస్తే సూది చుట్టూ చర్మం ఉబ్బి ఎర్రబడి ఉంది, ఆయన రెండో చేత్తో కుర్చీ అంచు గట్టిగా పట్టుకుని ఉన్నాడు. వెంటనే ఆపేశాం, చేయాల్సినవన్నీ చేశాం, అయినా ఆ పుండు మానడానికి నెలలు పట్టింది. ఎందుకు చెప్పలేదని అడిగితే ఆయన అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "కీమో అంటే మండుతుందనుకున్నానమ్మా, ఓర్చుకుందామని." ఆయన తప్పు ఎంతమాత్రం కాదు, నేను అడిగిన తీరే తప్పు. బాగానే ఉందా అని అడిగితే మర్యాదస్తులు ఎవరైనా బాగానే ఉందనే అంటారు. ఆ తర్వాత నేనెప్పుడూ అలా అడగలేదు. మండుతోందా, లాగుతోందా, బిగుసుకుందా, ఇందాకటికీ ఇప్పటికీ ఏమైనా తేడా ఉందా, ఇలా అడిగేదాన్ని.

కాబట్టి మీ పని ఇదీ. మంగళవారం లోపు అమ్మ పక్కన కూర్చుని ఒక్క మాట చెప్పండి, ఆ కుర్చీలో ఓర్చుకోవడం గొప్ప కాదని. సూది దగ్గర మంట, ఛాతీ బరువు, ఊపిరి ఆడకపోవడం, దురద, ఒక్కసారిగా చలి, ఏదైనా సరే, చిన్నదైనా సరే, అప్పటికప్పుడు సిస్టర్‌ని పిలవాలని. మన అమ్మలకు అన్నిటికంటే కష్టమైన పని ఇదే, వాళ్ళు జీవితమంతా దీనికి ఉల్టా ప్రాక్టీస్ చేశారు. మీరు కూడా "బాగున్నావా అమ్మా" అని అడక్కుండా నేను అడిగినట్టు అడగండి.

ఆ రోజు, మర్నాడు మూత్రం ఎర్రగానో నారింజ రంగులోనో వస్తే కంగారు పడొద్దు, అది మందు రంగు, రక్తం కాదు. రెండు రోజులు దాటినా అలాగే ఉంటే మాత్రం చెప్పండి. దీనితో పాటు చాలామందికి సైక్లోఫాస్ఫమైడ్ కూడా ఇస్తారు. అది ఎక్కేటప్పుడు ముక్కు లోపల జివ్వుమని, జలుబు పట్టినట్టు అనిపించొచ్చు, వేగం తగ్గిస్తే సర్దుకుంటుంది. ఆ మందు మూత్రాశయం లోపలి పొరని ఒరిపిడి పెడుతుంది కాబట్టి నీళ్ళు బాగా తాగాలి, మూత్రం ఆపుకోకూడదు. సెలైన్ స్టాండుని తోసుకుంటూ బాత్రూమ్‌కి వెళ్ళడం మొదట్లో అందరికీ మొహమాటమే. మధ్యలో మందు ఎక్కించే పంపు కీచుకీచుమని అరుస్తుంది, ట్యూబు మడత పడినా అరుస్తుంది, మందు అయిపోయినా అరుస్తుంది, ఎవరికీ ఏమీ అయిపోవడం లేదు, చెయ్యి కొంచెం చాచి సిస్టర్‌ని పిలవండి.

సాయంత్రం ఇంటికి పంపేస్తారు. ఆ రాత్రి, మర్నాడు అమ్మ మీరనుకున్న దానికంటే హుషారుగా ఉండొచ్చు, ఎక్కువ మాట్లాడొచ్చు, రాత్రి నిద్ర పట్టకపోవచ్చు. అదంతా స్టెరాయిడ్ మహిమ. "ఇంతేనా కీమో" అని చుట్టాలందరికీ ఫోన్లు చేసి, మూడో రోజు మంచం మీంచి లేవలేక, ఏదో తేడా వచ్చిందని ఏడ్చినవాళ్ళు ఎందరో. తేడా ఏమీ రాలేదు, స్టెరాయిడ్ దిగిపోయింది. వాంతుల మాత్రలు వాంతి వస్తే వేసుకునేవి కాదు, రాకుండా వేసుకునేవి, రాసిన రోజులన్నీ రాసినట్టు వేయండి. వాటివల్ల మలబద్ధకం వస్తుంది, అది అమ్మ చెప్పదు, మీరే అడగాలి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది మొదటి రోజు కాదు, వారం తర్వాత మొదలవుతుంది. కీమో అయిన సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు జ్వరం వస్తే అది మామూలు జ్వరం కాదు. థర్మామీటర్ 100.4 ఫారెన్‌హీట్ చూపిస్తే, అంటే 38 సెల్సియస్, అర్ధరాత్రి రెండయినా సరే ఆస్పత్రికి ఫోన్ చేసి బయల్దేరాలి. మీ డాక్టర్ వేరే అంకె చెప్పి ఉంటే అది పాటించండి. ముందు పారాసిటమాల్ వేసి చూద్దాం అనొద్దు, అది జ్వరాన్ని దాచేస్తుంది, ఇన్‌ఫెక్షన్‌ని కాదు. ఒక్కోసారి జ్వరమే రాకుండా ఒళ్ళంతా వణుకు, మనిషి మగతగా అయిపోవడం ఉంటుంది, అదీ ఎమర్జెన్సీయే. "ఈ టైమ్‌లో ఫోన్ చేస్తే తిట్టుకుంటారేమో" అని తెల్లారేదాకా ఆగినవాళ్ళ గురించి నేను రాయదలుచుకోలేదు.

ఆ నోట్‌బుక్ ఇందుకే. మొదటి పేజీలో ఆస్పత్రి ఎమర్జెన్సీ నంబరు, పగటిదీ రాత్రిదీ. రెండో పేజీలో అమ్మ వాడే మందులన్నీ, బీపీ మాత్రలు, విటమిన్లు, ఎవరో మంచిదని ఇచ్చిన పొడులు, ఆకుమందులు, ఏదీ దాచకుండా. కీమోతో పడనివి వాటిలో ఉంటాయి, చెబితే తిడతారని జనం దాస్తారు. ఆ తర్వాత రోజుకో రెండు లైన్లు, ఏ రోజు ఎలా ఉందో. రెండో సైకిల్‌కి, అంటే రెండో విడత కీమోకి, వెళ్ళినప్పుడు డాక్టర్‌కి మీ జ్ఞాపకం కంటే ఆ రెండు లైన్లే పనికొస్తాయి.

ప్రశ్న: నాకు 45. పెద్దపేగు క్యాన్సర్. ఆక్సాలిప్లాటిన్ ఎక్కించాక ఇంటికి ఒక మందు బుడ్డి తగిలించి పంపిస్తారట, 46 గంటలు. అది పడుకున్నప్పుడు ఊడిపోతే? చార్జింగ్ అయిపోతే? ఆ టెన్షన్‌తోనే సగం చచ్చిపోతున్నాను.
- పేరు వద్దు

జవాబు: చాలాచోట్ల ఇచ్చే బుడ్డికి చార్జింగే ఉండదు బాబూ. లోపల బెలూన్ ఉంటుంది, అందులో మందు నింపుతారు, బెలూన్ తనంతట తాను ముడుచుకుంటూ మందుని పోర్ట్‌లోకి పంపుతుంది. చప్పుడు ఉండదు, చుక్కలు కనపడవు, అందుకే మొదటి రాత్రి అందరికీ అసలు పనిచేస్తోందా అని అనుమానం. గంటకోసారి చూస్తే ఏమీ తెలియదు, రాత్రి పడుకునేముందు ఒక ఫొటో తీసుకుని పొద్దున్న ఇంకోటి తీసి పక్కపక్కన పెట్టి చూడండి, బెలూన్ తగ్గడం తెలుస్తుంది. కొన్ని రకాల్లో ట్యూబు చివర చిన్న బిళ్ళలాంటిది ఉంటుంది, దాన్ని చర్మానికి ఆనించి టేపు వేస్తారు. ఒంటి వేడిని బట్టే మందు పారే వేగం ఉంటుంది, కాబట్టి ఆ టేపు పీకేయకండి. వేడినీళ్ళ సంచీలు దాని పక్కన పెట్టకండి. ఒక రోజంతా గడిచినా బెలూన్ ఏమాత్రం తగ్గకపోతే, లేదా మందు కారితే ఫోన్ చేయాలి. కారిన మందుని వట్టి చేత్తో తుడవొద్దు, దానికి ఏం చేయాలో ఆ రోజే సిస్టర్‌ని అడిగి తెలుసుకోండి.

మీరు అడగనిది ఒకటి చెబుతా, చలి సంగతి. ఆక్సాలిప్లాటిన్ ఎక్కిన కొద్ది గంటల్లోనే చల్లనివి తాకితే వేళ్ళు కరెంటు కొట్టినట్టు జివ్వుమంటాయి. చల్లటి నీళ్ళు తాగితే గొంతు మూసుకుపోయినట్టు, ఊపిరి ఆడనట్టు అనిపిస్తుంది. నిజంగా మూసుకుపోదు, నరాల పని అది, కానీ ఆ క్షణం మనిషి హడలిపోతాడు. కనీసం నాలుగైదు రోజులు గోరువెచ్చటి నీళ్ళే, ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టే పని ఇంకెవరికైనా అప్పగించండి. నోట్లో పుళ్ళు రాకుండా ఐస్ ముక్కలు చప్పరించమని ఇంకెవరో పేషెంట్ మీకు చెబుతారు చూడండి. అది ఫ్లోరోయురాసిల్‌ని (మామూలుగా మీ బుడ్డిలో ఉండే మందు) ఒక్కసారిగా ఇచ్చినప్పుడు పనికొచ్చే మాటే, మీకు మాత్రం ఆక్సాలిప్లాటిన్ ఉంది కాబట్టి వద్దు. ఒకరి మందు సలహా ఇంకొకరికి పనికిరాదు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. జివ్వుమనడం తర్వాతి డోసు టైమ్‌కి కూడా పోకపోతే డాక్టర్‌కి చెప్పి తీరాలి, డోసు తగ్గిస్తారేమోనని దాచొద్దు, ఆ నరాల తిమ్మిరి ముదిరితే ఏళ్ళ తరబడి ఉండిపోతుంది.

ప్రశ్న: పోయిన వారం మా ఆయనకి మొదటి కీమో, పాక్లిటాక్సెల్. మొదలుపెట్టి ఐదు నిమిషాలు కాలేదు, మొహం ఎర్రగా అయిపోయి, నడుం విరిగినట్టు నొప్పి, ఊపిరి ఆడలేదన్నారు. పరుగున వచ్చి ఆపేశారు, ఇంజెక్షన్లు ఇచ్చారు, గంట తర్వాత మళ్ళీ అదే మందు మెల్లగా ఎక్కించారు. ఏమీ కాలేదు. కానీ రెండోసారికి వెళ్ళనంటున్నారు.
- ఒక భార్య

జవాబు: ఆయన ఆ క్షణంలో నోరు విప్పారు చూడండి, అదే ఆయన్ని కాపాడింది, ముందు ఆ మాట ఆయనకి చెప్పండి. పాక్లిటాక్సెల్ యూ అనే చెట్టు బెరడులో దొరికిన మందు, నీళ్ళలో కరగదు. అందుకని ఆముదం నుంచి తయారుచేసిన ఒక ద్రావకంలో కలుపుతారు. ఇలాంటి రియాక్షన్లకి చాలావరకు ఆ ద్రావకాన్నే అనుమానిస్తారు. వచ్చేవి ఎక్కువగా మొదటి, రెండో డోసుల్లోనే, అదీ మొదటి కొద్ది నిమిషాల్లో. అందుకే ఆ మందు మొదలుపెట్టాక మేము కాసేపు కుర్చీ దగ్గర నుంచి కదలం. నడుంనొప్పి కూడా రియాక్షన్‌లో భాగమే, చాలామంది దాన్ని కూర్చుని కూర్చుని వచ్చిన నొప్పి అనుకుని ఊరుకుంటారు.

ఆపి, మందులు ఇచ్చి, మెల్లగా మొదలుపెడితే ఎక్కువమంది తట్టుకుంటారు, మీ ఆయనా తట్టుకున్నారు. రెండోసారి వెళ్ళేముందు డాక్టర్‌ని అడగాల్సినవి, ముందు ఇచ్చే స్టెరాయిడ్, అలర్జీ మందులు మారుస్తారా, మొదట్లో వేగం తగ్గిస్తారా అని. అప్పటికీ పడకపోతే ఆ ద్రావకం లేకుండా ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌తో తయారైన పాక్లిటాక్సెల్ కూడా ఉంది, అది ఆయనకి సరిపడుతుందో లేదో డాక్టరే చెప్పాలి. సూది పెట్టకముందే సిస్టర్‌తో "పోయినసారి రియాక్షన్ వచ్చింది" అని మీరే అనండి, ఫైల్లో రాసి ఉంటుందిలే అనుకోకండి. డ్యూటీలు మారతాయి.

ప్రశ్న: మా నాన్నకి క్యాన్సర్ అని చెప్పలేదు. బలానికి సెలైన్ అని చెప్పి కీమోకి తీసుకెళ్దామనుకుంటున్నాం. నర్సులు బయటపెట్టేస్తారా?
- అన్నదమ్ములం

జవాబు: నర్సులు బయటపెట్టక్కర్లేదు నాయనా, గోడలే చెబుతాయి. బోర్డు మీద రాసి ఉంటుంది, పక్క కుర్చీలో జుట్టు లేని మనిషి కూర్చుని ఉంటాడు, ఆయనే మీ నాన్నతో "మీకెక్కడ" అని మాట కలుపుతాడు. పైగా మందు ఎక్కించే ముందు ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టాల్సింది మీ నాన్నగారే, ఆయన తెలివిలో ఉన్నంతకాలం అది ఆయన హక్కు.

మీ ప్రేమని తప్పుపట్టను. కానీ నా భయం వేరే. బలానికి సెలైన్ అనుకున్న మనిషి పదో రోజు జ్వరం వస్తే చెబుతాడా? కప్పుకుని పడుకుంటాడు. చేతికి మంట పుడితే చెబుతాడా? సెలైన్‌కి ఆమాత్రం మామూలే అనుకుంటాడు. దాస్తే ఆయనకి దక్కే ధైర్యం ఒక పూట, పోయేది ఆయన జాగ్రత్త. ఎలా చెప్పాలో తెలియకపోతే డాక్టర్‌నే చెప్పమనండి, మీరిద్దరూ పక్కన ఉండండి. "నాన్నా, రిపోర్టుల గురించి నీకెంతవరకు తెలుసుకోవాలని ఉంది" అని ముందు ఆయన్నే అడిగి చూడండి, చాలామంది తండ్రులు అప్పటికే సగం తెలుసుకుని మీ కోసం తెలియనట్టు ఉంటారు.

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్ళు. బ్లడ్ క్యాన్సర్, ఏఎల్ఎల్ అన్నారు. మెథోట్రెక్సేట్ అనే మందు కూడా ఇస్తారట. పసివాడికి విషం ఎక్కిస్తారా అని ఇంట్లో పెద్దవాళ్ళు నన్ను తినేస్తున్నారు.
- ఒక తల్లి

జవాబు: తల్లీ, ఆ పెద్దవాళ్ళకి ఒక పేరు చెప్పండి, యల్లాప్రగడ సుబ్బారావు. 1940ల్లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ పనికి అడ్డుపడే మందులు తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్ అనేదాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ ల్యుకీమియా, అంటే బ్లడ్ క్యాన్సర్, ఉన్న పిల్లలకి ఇచ్చి చూశారు. 1948లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి, 16 మంది పిల్లల్లో 10 మంది తేరుకున్నారు, కొద్ది నెలల పాటే అయినా. అంతకుముందు ఆ జబ్బుకి చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. మెథోట్రెక్సేట్ ఆ కుటుంబంలోదే, మీ బాబుకి ఇచ్చేది మన తెలుగాయన చెయ్యిపడిన మందు. ఇవాళ మంచి వైద్యం పూర్తిగా అందిన చోట ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతుకుతున్నారు. విషమా అంటే, వేగంగా పెరిగే కణాల్ని చంపే మందే, అందుకే కొలిచి ఇస్తారు.

మొదటి రోజు బాబుకి "నొప్పి పుట్టదు" అని అబద్ధం చెప్పకండి. ఒక్కసారి అబద్ధం అని తెలిస్తే రెండేళ్ళకి పైగా సాగే ట్రీట్‌మెంట్‌లో ఇక మీ మాట నమ్మడు. "చిన్నగా గుచ్చుకుంటుంది, పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది" అనండి. సూది వేసే చోట మొద్దుబార్చే క్రీమ్ ఉంటుంది, సుమారు గంట ముందు రాయాలి, అడిగితేనే రాసే చోట్లు ఉన్నాయి, కాబట్టి అడగండి. వెన్నులోకి ఇచ్చే ఇంజెక్షన్‌కి పిల్లలకి మామూలుగా మత్తు ఇస్తారు, దానికి ఎన్ని గంటల ముందు నుంచి ఏమీ పెట్టకూడదో కచ్చితంగా కనుక్కోండి. ఏ చెయ్యి అన్నది, కుదిరితే, బాబునే ఎంచుకోమనండి. మా వార్డులో ఒక పిల్లవాడు ప్రతిసారీ తన బొమ్మ ఎలుగుబంటికి ముందు సూది వేయించి, దానికి ప్లాస్టర్ అంటించి, అది ఏడవలేదని నాకు చూపించి, ఆ తర్వాతే చెయ్యి చాపేవాడు. ఆ ఎలుగుబంటికి వేసినన్ని సూదులు నేను ఇంకెవరికీ వేయలేదు.

ప్రశ్న: నాకు రేడియేషన్ మొదలవుతోంది. ఇంటికొచ్చాక రెండేళ్ళ మనవరాలిని ఎత్తుకోవచ్చా?

జవాబు: బయటి నుంచి మెషీన్‌తో ఇచ్చే రేడియేషన్ అయితే నిక్షేపంగా ఎత్తుకోండి. మెషీన్ ఆగగానే కిరణాలు ఆగిపోతాయి, మీ ఒంట్లో ఏమీ మిగలదు. అయోడిన్ మందు మింగించేది, లోపల రేడియేషన్ గింజలు అమర్చేది వేరే లెక్క, వాటికి దూరం పాటించాలి, ఎన్ని రోజులో వాళ్ళే చెబుతారు. ఇక కీమో తీసుకునేవాళ్ళు కూడా ఇదే అడుగుతుంటారు. వాళ్ళూ పిల్లల్ని ఎత్తుకోవచ్చు, ముద్దు చేయొచ్చు. సుమారు 48 గంటలు మాత్రం వాంతి, మూత్రం, మలం శుభ్రం చేసేవాళ్ళు గ్లవ్స్ వేసుకోవాలి, టాయిలెట్ మూత వేసి ఫ్లష్ రెండుసార్లు కొట్టాలి. పిల్లకి జలుబో దగ్గో ఉంటే కీమో మనిషే కాస్త దూరం జరగాలి, భయం పిల్లకి కాదు, కీమో తీసుకునే మనిషికి.

ప్రశ్న: మొదటి కీమోకి ముందే గుండు చేయించుకోవాలా?
- జడ పొడుగున్న అమ్మాయి

జవాబు: అక్కర్లేదు. నీకు ఇచ్చే కీమో మందుతో జుట్టు రాలుతుందో లేదో ముందు అడుగు, అన్ని కీమోలకీ రాలదు. రాలే మందయితే మొదటి డోసు తర్వాత రెండు మూడు వారాలకి మొదలవుతుంది. తలకి చల్లటి టోపీ పెట్టి జుట్టు కొంతవరకు కాపాడే పద్ధతి కొన్ని ఆస్పత్రుల్లో ఉంది, కానీ అది మొదటి డోసు నుంచే, మందు ఎక్కకముందే పెట్టాలి, అందరికీ పనిచేయదు, కొన్ని క్యాన్సర్లకి పెట్టరు. కావాలనుకుంటే ఈ వారమే అడుగు, ఆ రోజు అడిగితే ఆలస్యం అవుతుంది.

లేదనుకుంటే జడని ముందు భుజాల దాకా కత్తిరించుకో, పొడుగు జుట్టు ఒక్కసారి చేతిలోకి రావడం కంటే పొట్టిది రావడం కొంచెం తేలిక, ఇది నా మాట కాదు, వార్డులో అమ్మాయిలు చెప్పిన మాట. రాలేముందు రెండు మూడు రోజులు మాడు నొప్పిగా, గట్టిగా లాగి జడ వేసినట్టు ఉంటుంది. అప్పటి నుంచి రాత్రి మెత్తటి నూలు టోపీ పెట్టుకుని పడుకో, పొద్దున్నే దిండు మీద వెంట్రుకలు ఏరుకునే పని తప్పుతుంది.